రెండు వాకిళ్ల గూడు

స్నానాల గది గోడమీదో, మెట్ల కింది మూలలోనో, బీరువా వెనకాలో బూడిదరంగు పెచ్చు ఒకటి అతుక్కుని కనిపిస్తుంది. పొడవు సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ. మధ్యలో వెడల్పు, రెండు కొసలకూ సన్నబడుతూ అచ్చం గుమ్మడి గింజ ఆకారం. చాలామంది అది గోడనుంచి రాలిన సున్నమనుకుంటారు. పండగ ముందు బూజుకర్ర తిప్పేటప్పుడు సాలెగూళ్లతో పాటు అదీ చేటలోకి పోతుంది. కర్ర ఎత్తకుండా కాసేపు ఆగితే మాత్రం ఆ పెచ్చుకు ఒక కొస తెరుచుకుంటుంది. ముదురు గోధుమరంగు తల బయటికొస్తుంది, దాని వెనకే ఆరు కాళ్లు గోడను పట్టుకుంటాయి, పెచ్చు మొత్తం ఒక్క కుదుపుతో ముందుకు జరుగుతుంది. ఆగుతుంది. మళ్లీ జరుగుతుంది.

అది ఒక చిన్న చిమ్మట పిల్లదశలో కట్టుకుని మోసుకు తిరిగే ఇల్లు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఫెరియోయికా ఉటెరెల్లా. ఉన్ని బట్టలు కొట్టే చిమ్మటలన్నీ ఉన్న టినియిడే కుటుంబంలోదే ఇదీ. లార్డ్ వాల్సింగ్‌హామ్ 1897లో దీన్ని మొదట వర్ణించాడు. ప్రజాతిని వేరుచేసి ఇప్పటి పేరు పెట్టింది 1956లో హింటన్, బ్రాడ్లీ అనే ఇద్దరు. దీనికి అల్యుటెల్లా అనే దగ్గరి చుట్టం ఉంది, అది 1892లోనే పుస్తకాలకెక్కింది. రెండింటినీ గోడమీద చూసి ఇది ఫలానా అని చెప్పడం కష్టం, నిపుణులే చాలాకాలం ఒకదాని పేరు ఇంకొకదానికి రాసుకున్నారు. ఇక్కడ మనకు కావలసింది గూడు కాబట్టి లోపలున్నదాన్ని గూటిపురుగు అందాం.

గూటిపురుగు సంగతి అర్థం చేసుకోవడానికి ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే చాలు. గూడు కట్టుకున్న క్షణం నుంచి రెక్కలొచ్చేదాకా ఇది పూర్తిగా బయటికి రాదు. తల, తల వెనక మూడు ఖండాలు బయట పెడుతుంది, మిగతా ఒళ్లు లోపలే. తినాలి, నడవాలి, వెనక్కి తిరగాలి, పెరగాలి, కుబుసం విడవాలి, ఆపద వస్తే దాక్కోవాలి, చివరికి వేరే శరీరంతో బయటపడాలి. ఇన్ని పనులకూ సరిపోయే ఇల్లు, అదీ లోపల ఉండి కట్టుకోవాలి. గిజిగాడు గూడు చుట్టూ ఎగిరి, దూరం నుంచి చూసుకుని, నచ్చకపోతే మళ్లీ అల్లుకోగలదు. ఈ పురుగుకు తన ఇంటిని బయటినుంచి చూసే వీలే లేదు.

పనామాలో ఉన్న స్మిత్‌సోనియన్ ఉష్ణమండల పరిశోధన సంస్థకు చెందిన అనెట్ అయెల్లో ఈ కట్టుబడిని దగ్గరుండి గమనించి 1979లో ‘సైకీ’ పత్రికలో రాసింది. ఆ వ్యాసం అల్యుటెల్లా పేరుతోనే అచ్చయింది. గూడు మొదలెలా పెడుతుందన్న ప్రశ్నకు అందులో చక్కటి జవాబు ఉంది.

గుడ్డులోంచి బయటపడ్డ పురుగుకు ఒంటిమీద ఏ రక్షణా ఉండదు. ముందుగా అది తన ఒంటికి అడ్డంగా ఒక పట్టు కమాను వేస్తుంది. కమాను రెండు పాదాలూ నేలకు అంటుకుని ఉంటాయి, పురుగు దాని కింద ఉంటుంది. తరవాత చుట్టుపక్కల దొరికిన నలుసులు ఒక్కొక్కటీ తెచ్చి కమానుకు బయటివైపు అతికిస్తుంది. లోపలివైపు మాత్రం పట్టు తప్ప ఇంకేమీ ఉండనివ్వదు. కమానుకు ముందూ వెనకా ఇంకొంచెం, ఇంకొంచెం చేరుస్తూ పోతే అది సొరంగమవుతుంది. ఈ దశలో గోడలూ కప్పూ ఉన్నాయి, అడుగు లేదు, అడుగు స్థానంలో నేలే ఉంది. చివరి పని అడుగు వేయడం. సొరంగం కింద కూడా పట్టు నేసి మూసేస్తే గూడు నేలనుంచి విడివడుతుంది. రెండువైపులా తెరిచి ఉన్న గొట్టం తయారవుతుంది. పురుగు తల బయట పెట్టి, ఆ గొట్టాన్ని వెనకాల లాక్కుంటూ బయలుదేరుతుంది.

ఈ వరసలో ఒక తెలివి ఉంది. ముందే గొట్టం చుట్టాలంటే దారం పట్టి నిలవడానికి ఆధారం కావాలి, ఒంటిచుట్టూ గాలిలో నేయలేదు. అందుకే నేలనే ఆధారం చేసుకుని కమాను నిలబెడుతుంది, పని పూర్తయ్యేదాకా నేలను వాడుకుని చివర్లో తెంచుకుంటుంది. రాతి కమాను కట్టే మేస్త్రీలు కింద చెక్కల చట్రం పెట్టి, రాళ్లు కుదురుకున్నాక చట్రం తీసేస్తారు. ఇక్కడ తీసేసేది చట్రాన్ని కాదు, భూమిని.

ఇక నలుసుల సంగతి. పది రెట్లు పెద్దది చేసి చూపించే మామూలు భూతద్దం చాలు, గూడు పైభాగం ఒక చిన్న ప్రపంచంలా తెరుచుకుంటుంది. సన్నటి ఇసుకరేణువులు, మట్టి, తుప్పు పొడి, పురుగుల రెట్టలు, చచ్చిన చీమల కాళ్లముక్కలు, వెంట్రుకలు, నూలుపోగులు. దొరికింది దొరికినట్టు వాడుతుంది కాబట్టి గూటి రంగు ఆ ఇంటిని బట్టి మారుతుంది. ఇనప గేటు దగ్గర తిరిగినదానికి ఎర్రటి చుక్కలు, సిమెంటు గోడమీద పెరిగినదానికి బూడిదరంగు. ఇది ఎవరి కళ్లనో మోసం చేయడానికి వేసుకున్న వేషమని చెప్పలేను కానీ ఫలితం అదే: గోడ దేనితో ఉందో గూడూ దానితోనే ఉండటంవల్ల గోడలో కలిసిపోతుంది.

బయట ఇంత గరుకుగా ఉన్న గూటిని సన్నటి కత్తెరతో అంచువెంట కోసి తెరిస్తే లోపల ఒక్క నలుసూ తగలదు. తెల్లగా, నునుపుగా పట్టు పొర. మెత్తటి చర్మం ఉన్న పురుగు పొద్దస్తమానం ఆ గోడలకు ఒరుసుకుంటూ కదలాలి, కుబుసం విడిచినప్పుడైతే చర్మం ఇంకా లేతగా ఉంటుంది. ఒక్క ఇసుకరేణువు లోపలికి పొడుచుకువచ్చినా గీసుకుపోతుంది. అందుకే ప్రతి నలుసునూ బయటివైపే ఉంచి, లోపలివైపు దారంతో పూత పూస్తుంది. ఇసుక గట్టిదనం ఇస్తుంది, పట్టు పట్టి ఉంచుతుంది. ఇసుక ఒక్కటే అయితే రాలిపోతుంది, పట్టు ఒక్కటే అయితే నలిగిపోతుంది.

పట్టు అనగానే మనకు హిందూపురం గూళ్ల మార్కెట్టూ ధర్మవరం మగ్గాలూ గుర్తొస్తాయి. మల్బరీ పట్టుపురుగు దారం తీసేదీ ఇదీ ఒకే తరహాలో: నోటి కింద ఒక చిన్న గొట్టం, దాని వెనక ఒంట్లో పట్టుగ్రంథులు, ద్రవంగా ఉన్న పట్టు బయటికి లాగగానే దారమవుతుంది. తేడా వాడకంలో ఉంది. మల్బరీ పురుగు నెలరోజులు తిని, చివరి రెండు మూడు రోజుల్లో దాచుకున్న పట్టంతా ఒకే దారంగా తీసి, ఒక్కసారి గూడు కట్టి అందులో పడుకుంటుంది. గూటిపురుగు పుట్టిన రోజునుంచీ కొంచెం కొంచెంగా పట్టు తీస్తూనే ఉంటుంది. దానికి పట్టు ఒకసారి కట్టి వదిలేసే పని కాదు, రోజూ చేసే మరమ్మతు. కిలోమీటరు పొడవు దారం తీసే పురుగుకు దక్కిన గౌరవం దీనికి ఎందుకు దక్కలేదో అందరికీ తెలుసు, దీని దారంతో చీర నేయలేం. పనితనం ఒక్కటే చూస్తే నా ఓటు దీనికే.

ఇప్పుడు ఆకారం. మొదట కట్టిన గూడు సన్నటి గొట్టం. పురుగు పెరిగేకొద్దీ గూడు చదునవుతూ, మధ్యలో వెడల్పవుతూ గింజ రూపానికి వస్తుంది. పూర్తిగా పెరిగిన పురుగు గూడు 8 నుంచి 14 మిల్లీమీటర్ల పొడవు, 3 నుంచి 5 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. లోపలి పురుగు పొడవు సుమారు 7 మిల్లీమీటర్లు. ఆ మధ్య వెడల్పు ఎందుకో ఈ కొలతలే చెబుతాయి. సన్నటి గొట్టంలో 7 మిల్లీమీటర్ల పురుగు వెనక్కి తిరగలేదు. మధ్యలో విశాలంగా ఉంటే అక్కడ ఒంటిని రెండుగా మడిచి, తలను తోకపక్కనుంచి జారవిడిచి, రెండో కొసకు చేరుకోగలదు. అంటే ఆ వెడల్పు పురుగు లావుకోసం పెట్టుకున్నది కాదు, తిరగడానికి వదిలిన జాగా.

తిరగగలిగితే రెండో కొసకూ వాకిలి ఉండాలి కదా. ఉంది. రెండు కొసలూ అన్నివిధాలా ఒకటే, ముందు వెనక అన్న తేడా గూటికి లేదు. ఏ కొసనుంచి తల బయటపెడితే అదే ముందు. గోడమీద నడుస్తున్న గూటి తలను అగ్గిపుల్లతో తాకితే చటుక్కున లోపలికి పోతుంది, కాసేపటికి రెండో వైపునుంచి తల తొంగిచూసి వచ్చిన దారినే పోవచ్చు. చూసినవాళ్లకు గూడు వెనక్కి నడుస్తున్నట్టు ఉంటుంది. పురుగుకు మాత్రం అది ఎప్పుడూ ముందుకే.

వాకిళ్లకు తలుపులు విడిగా లేవు, అవసరం లేదు. కొసల దగ్గర గూడు పల్చగా, మెత్తగా ఉంటుంది. పైపెదవి, కిందిపెదవి ఒకదాని మీదొకటి వాలి ఉంటాయి. పురుగు లోపలికి ముడుచుకోగానే అవి దగ్గరికొచ్చి మూసుకుంటాయి. తల బయటికి నెడితే విడిపోతాయి. గూటి అడుగుభాగం పైభాగం కంటే కాస్త చదునుగా ఉంటుంది, గోడకు ఆనుకుని పోవడానికి అది వీలు.

నడక చూద్దాం. పురుగు ఒళ్లు తెలుపు, కానీ బయటికి వచ్చే భాగం మాత్రం తెలుపు కాదు. తల ముదురు గోధుమరంగు, తల వెనక మూడు ఖండాలకూ వీపుమీదా పక్కలకూ గట్టి నల్లటి పలకలు ఉంటాయి. లోపల ఉండిపోయే ఒంటికి కవచం అక్కర్లేదు, బయటపడే మేరకు మాత్రమే ఉంది. బయట మెసిలే సమయంలో శత్రువులనుంచి ఆ పలకలు కాపాడతాయని అయెల్లో అభిప్రాయపడింది. ఆ మూడు ఖండాలకే మూడు జతల గోధుమరంగు కాళ్లు, గోడను పట్టుకునేవి ఇవి. పొట్టభాగంలో మూడో ఖండంనుంచి ఆరోదాకా, ఆపైన చిట్టచివరి పదో ఖండానికి మెత్తటి తెల్లటి కాళ్లు ఇంకో ఐదు జతలున్నాయి. ఇవి గోడను తాకవు. వీటి అరికాళ్లకు సూక్ష్మమైన కొక్కేలు ఉంటాయి, ఒక్కో కాలికి పాతికదాకా, కోడిగుడ్డు ఆకారపు గీతలో తీర్చినట్టు. ఆ కొక్కేలు లోపలి పట్టుపొరను పట్టుకుంటాయి.

కాబట్టి ఒకే ఒంటికి రెండు రకాల కాళ్లు, రెండు వేరువేరు పనులు. ముందుకాళ్లు లోకాన్ని పట్టుకుంటాయి, వెనకకాళ్లు ఇంటిని పట్టుకుంటాయి. ముందుకాళ్లతో గోడను బిగబట్టి ఒంటిని ముడుచుకుంటే వెనకకాళ్లకు తగులుకుని ఉన్న ఇల్లు ముందుకొస్తుంది. ఒంటిని చాచి మళ్లీ గోడను అందుకుంటుంది. ఆ కుదుపుల నడకకు కారణం ఇదే. లోపలి పూత నునుపుగానే కాక దారాల అల్లికగా ఉండటంవల్లే కొక్కేలకు పట్టు దొరుకుతోందన్నది గమనించాలి. ఒకే పొర చర్మానికి మెత్తదనం, కాళ్లకు ఆసరా రెండూ ఇస్తోంది.

పెరగడం అన్నింటికంటే చిక్కు. ఈ పురుగు ఆరేడు దశల్లో పెరుగుతుంది, సుమారు యాభై రోజులు పడుతుంది. కుబుసం విడిచిన ప్రతిసారీ గూటిని పెద్దది చేస్తుంది. పొడవు పెంచడం తేలికే, కొసకు చేర్చుకుంటూ పోవచ్చు, తిరగగలదు కాబట్టి రెండు కొసలకూ చేర్చవచ్చు. వెడల్పు ఎలా? లోపలుండి గొట్టాన్ని వెడల్పు చేయాలంటే దాన్ని చీల్చాలి, చీల్చితే తాను బయటపడుతుంది.

ఈ చిక్కుకు పరిష్కారం దీని దగ్గరి బంధువైన ఉన్ని చిమ్మట పురుగులో కనిపెట్టి రాసినవాడు రెయోమ్యూర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. థర్మామీటరు కొలమానంతో పేరొచ్చిన రెయోమ్యూరే ఈయన. కీటకాల చరిత్రమీద ఆయన రాసిన సంపుటాలు 1734నుంచి వెలువడ్డాయి. ఉన్నితోనే గూడు కట్టే ఆ పురుగును ఆయన ఒక రంగు ఉన్నిగుడ్డ మీదనుంచి ఇంకో రంగు గుడ్డ మీదికి మార్చాడు. పాత గూటికి కొత్తగా చేరిన భాగం కొత్త రంగులో ఉంటుంది కనుక ఎక్కడ ఏం చేర్చిందో దానంతట అదే కనబడుతుంది. రెండు కొసల దగ్గరా కొత్త రంగు పట్టెలు వచ్చాయి, పొడవు పెరిగింది ఇలా. పక్కలవెంట నిలువు గీతలు కూడా వచ్చాయి, వెడల్పు పెరిగింది ఇలా. పురుగు గూటిని పక్కన చీల్చి, చీలికలో కొత్త ఉన్ని పట్టీ కలిపి నేస్తోంది. ఒకేసారి ఆ కొసనుంచి ఈ కొసదాకా చీల్చదు, చీల్చితే గూడు విచ్చుకుపోయి ఒళ్లంతా బయటపడుతుంది. ముందు సగం మేర రెండు పక్కలా కోసి, అతుకులు వేసి, ఆ సగం గట్టిపడ్డాక రెండో సగం కోస్తుంది. మొత్తం నాలుగు కోతలు, నాలుగు అతుకులు, ఏ క్షణంలోనూ సగానికి మించి ఇల్లు తెరిచి ఉండదు. ప్రశ్నను పురుగునే అడిగి, జవాబు రంగుల్లో రాయించుకున్న ఆ ప్రయోగానికి దాదాపు మూడువందల ఏళ్లయినా ఇంతకంటే పొదుపైనది కీటకశాస్త్రంలో నాకు కనబడలేదు.

ఇల్లు మోసుకు తిరిగే పురుగులు ఇంకా ఉన్నాయి. తుమ్మచెట్ల కొమ్మలకు పుల్లల కట్టలు వేలాడుతూ కనిపిస్తాయి, అవి వేరే కుటుంబానికి చెందిన సంచిపురుగులవి. కొండవాగుల్లో రాళ్లకింద ఇసుకగొట్టాల్లో బతికే కాడిస్ ఈగల పిల్లలు నీళ్లలోనే పట్టు తీసి ఇసుక అతుకుతాయి. సీతాకోకలూ చిమ్మటలూ ఉన్న వర్గానికి పరిణామక్రమంలో అతి దగ్గరి తోబుట్టువు ఈ కాడిస్ ఈగల వర్గమే. పట్టుతో నలుసులు అతికే పని ఆ పెద్ద కుటుంబంలో నీళ్లలోనూ సాగింది, మన గోడమీదా సాగుతోంది.

ఇంతకీ గోడమీద దానికి తిండేమిటి? సున్నం తినదు. పాత సాలెగూళ్లు ముఖ్యమైన ఆహారం. గోడల అడుగు అంచుల్లో, కుర్చీలకింద వదిలేసిన బూజును ఇది తింటున్నట్టు ఫ్లోరిడాలో పరిశీలకులు చూశారు. ఉన్ని ఇస్తే ఇష్టంగా తింది. ప్రయోగశాలలో చచ్చిన దోమలు పెట్టి పెంచారు. తమవాళ్లు వదిలేసిన పాత గూళ్లను కూడా తిన్నాయి. నూలుగుడ్డ మాత్రం ముట్టలేదు. ఈ జాబితాలో కలిసే గుణం ఒకటుంది: సాలెదారం, ఉన్ని, పట్టు ఇవన్నీ ప్రోటీన్లు, దూది మాత్రం సెల్యులోజ్. కాబట్టి నూలుచీరలున్న బీరువాకు దీనివల్ల భయం లేదు. ఉన్నిలో ఉండే కెరటిన్‌ను అరిగించుకోవడం మాత్రం మామూలు పని కాదు. దాని పోగులను గంధకపు బంధాలు కట్టి ఉంచుతాయి, చాలా జంతువుల కడుపులు వాటిని తెంచలేవు. ఈ కుటుంబానికే చెందిన ఉన్ని చిమ్మట పురుగు పేగులో క్షారగుణం ఎక్కువ, ఆక్సిజన్ దాదాపు ఉండదు. అక్కడ ఆ బంధాలు తెగి, కెరటిన్ ఎంజైములకు లొంగుతుంది.

తిండి ఎంత పొడిదైనా గాలి పొడిగా ఉంటే ఈ పురుగు బతకదు. గాలిలో తేమ బాగా ఉండాలి. అమెరికాలో ఫ్లోరిడా, లూసియానా లాంటి దక్షిణపు తేమప్రాంతాలు దాటి పెద్దగా పోలేకపోవడానికి అదే కారణం. అక్కడ దీన్ని ప్లాస్టర్ బ్యాగ్‌వర్మ్ అని పిలుస్తారు. వెస్టిండీస్, పనామా, గయానా, బ్రెజిల్ ఇళ్లలో ఇది మామూలు. ఈ ప్రజాతి మన దేశంలోనూ శ్రీలంకలోనూ ఉన్నట్టు నమోదైంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీరపు ఊళ్లలో గోడ ఏడాది పొడుగునా చెమ్మగానే ఉంటుంది. లోపలి ఊళ్లలో స్నానాల గది, వంటింటి గట్టుకింద, గాలి ఆడని మెట్లకింది మూల ఆ చెమ్మను సమకూరుస్తాయి.

యాభై రోజుల పెంపకం ముగిసేసరికి పురుగు చివరి పని మొదలుపెడుతుంది. నిట్టనిలువు గోడమీద పైకెక్కుతుంది, ఒకచోట ఆగి గూటిని రెండు కొసల దగ్గరా పట్టుతో గోడకు కుట్టేస్తుంది. ఇన్నాళ్లూ కదిలిన ఇల్లు ఇక కదలదు. గూడు వదిలి విడిగా పట్టుకాయ కట్టుకోదు, ఆ గూడే పట్టుకాయ. లోపల ప్యూపాగా మారి సుమారు రెండు వారాలు ఉంటుంది, ఒక్కోసారి పదకొండు రోజులే, ఒక్కోసారి ఇరవైమూడు.

ప్యూపాగా మారేముందు చేసే ఒక పని దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఇన్నాళ్లూ ఒకేలా ఉంచిన రెండు కొసల్లో ఒకదాన్ని ఇప్పుడు మారుస్తుంది. ఆ కొస రెండు పక్క అంచులవెంట చిన్న చిన్న చీలికలు కోస్తుంది. దాంతో ఆ కొస ఇంకా చదునై, పైపొర కిందిపొర మీద వాలిన కవాటమవుతుంది. లోపలినుంచి తోస్తే తెరుచుకుంటుంది, బయటినుంచి నొక్కితే ఇంకా గట్టిగా మూసుకుంటుంది.

ఇది ఇప్పుడే ఎందుకు చేయాలి? బయటికి వెళ్లవలసిన రోజున లోపల ఉండే జీవికి కోసే దవడలు ఉండవు. పురుగుకు ఉన్న బలమైన దవడలు రెక్కల చిమ్మటకు రావు. మూసేసిన గూట్లో రెక్కలొచ్చిన చిమ్మట తానే దారి చేసుకోవాలంటే దానికి పనిముట్టు లేదు. అందుకని దవడలున్నవాడే, తాను ఇక వాడబోని దారిని, తనకు తెలియని ఒంటి కోసం ముందుగా కోసి ఉంచుతాడు. కోత మరీ పెద్దదైతే చీమలు దూరతాయి, చిన్నదైతే చిమ్మట ఇరుక్కుంటుంది. పురుగు దీన్ని ఆలోచించి చేస్తోందని ఎవరూ అనరు. ఆలోచన లేకుండా ఇంత ముందుచూపు ఉండటమే నాకు ఆలోచించే ముందుచూపు కంటే పెద్ద విశేషంగా తోస్తుంది.

సమయం వచ్చినప్పుడు ముందు కదిలేది ప్యూపా. ఈ కుటుంబపు ప్యూపాల పొట్టఖండాల వీపుమీద వెనక్కి తిరిగిన చిన్న ముళ్ల వరసలు ఉంటాయి. ప్యూపా ఒంటిని అటూఇటూ తిప్పితే ముళ్లు పట్టుపొరను పట్టుకుని వెనక్కి జారనివ్వవు, ప్రతి కదలికా ముందుకే తోస్తుంది. అలా కవాటాన్ని తోసుకుని సగం దాకా బయటికొస్తుంది. అక్కడ పొట్టు పగిలి చిమ్మట బయటపడుతుంది. లేత రెక్కలు ఇసుకగూటి అంచుకు రాసుకోకుండా, గూడు దాటాకే విచ్చుకుంటాయి. ఖాళీ పొట్టు మాత్రం కవాటంలో సగం బయటికి వేలాడుతూ మిగులుతుంది.

బయటికొచ్చిన చిమ్మట చూడటానికి పెద్ద విశేషంగా ఉండదు. ఆడది రెక్కలు చాస్తే 10 నుంచి 13 మిల్లీమీటర్లు, మగది ఇంకా సన్నం, 7 నుంచి 9. బూడిదరంగు. ముందురెక్కల మీద నాలుగు దాకా ముదురు చుక్కలు, మగదానికి ఆ చుక్కలు అంత స్పష్టంగా ఉండవు. తలమీద గరుకు వెంట్రుకలు దట్టంగా రేగి ఉంటాయి. మీసాలు సన్నటి పోగుల్లా రెక్కలంత పొడవు, కూర్చున్నప్పుడు వాటిని వీపుమీదికి వాల్చి పెట్టుకుంటుంది. వెనకరెక్కల అంచుకు లేతబూడిదరంగు పొడవాటి పొలుసుల కుచ్చు ఉంటుంది. ఇంత చిన్న చిమ్మటల్లో రెక్కపొర సన్నం, ఈనెలు కూడా తగ్గిపోతాయి. తగ్గిన వెడల్పును ఆ కుచ్చు కొంత పూడుస్తుంది. బాగానే ఎగరగలదు, అయినా ఎక్కువసేపు గోడల మీదా, నేల అంచుల్లోనూ కూర్చుని ఉంటుంది. అప్పుడప్పుడు సాలెగూడు మీదే కూర్చుంటుంది. సాలెపురుగు గూట్లో కూర్చోవడం ఎంత ధైర్యమో గానీ, పిల్లలకు తిండి దొరికేదీ అక్కడే.

జతకట్టిన ఆడది వారంరోజుల్లో రెండువందల దాకా గుడ్లు పెట్టి చనిపోతుంది. గుడ్డు మెత్తగా, లేతనీలం ఛాయలో, 0.4 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటుంది. గోడా నేలా కలిసే సందుల్లో, పగుళ్లలో, దుమ్ముకు అతికించి పెడుతుంది. పదిరోజులు దాటాక గుడ్లు పగులుతాయి. పుట్టిన పురుగుకు కమాను వేయడానికి నేల, అతికించడానికి దుమ్ము, తినడానికి బూజు మూడూ ఆ సందులోనే ఉంటాయి. గుడ్డునుంచి రెక్కలదాకా మొత్తం రెండున్నర నెలలు.

ఇంత కట్టుదిట్టమైన ఇంట్లోకీ దొంగ దూరగలడు. అపాంటెలిస్ కార్పాటస్ అనే చిన్న పరాన్నజీవి కందిరీగ ఈ పురుగులో గుడ్డు పెడుతుంది. కందిరీగ పిల్ల లోపలే పెరిగి, పురుగు ప్యూపాగా మారకముందే దాన్ని చంపేస్తుంది. ఉన్ని చిమ్మటలకూ ఇదే శత్రువు. పెదవులు బిగించి మూసుకున్న గూడు చీమను ఆపుతుంది గానీ గుడ్డుపెట్టే సన్నటి సూదిని ఆపలేదు.

ఈసారి బూజుకర్ర పట్టినప్పుడు గోడకు కదలకుండా అంటుకున్న గూళ్లను ఒకటి రెండు విడదీసి చూడండి. ఒక కొస చదునై, పక్క అంచుల్లో చీలికలుండి, అందులోంచి ఎండిన గోధుమరంగు పొట్టు వేలాడుతుంటే చిమ్మట వెళ్లిపోయింది. చీలికలున్నా పొట్టు లేకపోతే లోపల ఇంకా ప్యూపా ఉండవచ్చు, గోరుతో నొక్కకండి. రెండు కొసలూ ఒకేలా ఉండి, గోడకు కుట్టకుండా వదులుగా ఉంటే అది ఇంకా తిరుగుతున్న పురుగు గూడు. తెల్ల కాగితం మీద పెట్టి కాసేపు కదపకుండా ఉంచితే ఏ వాకిలి తెరుస్తుందో చూడవచ్చు.